పీకలు తెమ్మంటే

మా మునిమనవరాలికి కొత్త క్లారినెట్టు కొన్నారు. కొన్నారన్న మాటే గాని అది చాలా రోజులు ఇంటికే రాలేదు. దుకాణంవాడు దాన్ని సిద్ధం చేస్తున్నాడట. మీటల కింద మెత్తలు సరిగ్గా కూర్చున్నాయో లేదో, ఊదిన గాలి ఎక్కడైనా పక్కకి పోతోందేమో, అన్నీ చూసి మరీ ఇస్తాడట. తీరా ఇంటికొచ్చాక ఇంకో వార్త. కొత్త కర్ర కాబట్టి మొదట్లో రోజూ కాసేపే ఊదాలట. ఊదిన ప్రతిసారీ లోపల గుడ్డ దూర్చి తుడవాలట. ఎండ తగలకూడదు, ఏసీ గాలి తగలకూడదు. పాటలు అప్పుడే వద్దు, ఒక్కొక్క స్వరమే పొడుగ్గా పట్టి ఊరుకోవాలట.

ఆ పిల్ల ఏడుపు మొహంతో ఇవన్నీ చెబుతోంటే నాకు ఒళ్ళు మండింది. పాపం దుకాణంవాడు చెప్పింది తప్పేమీ కాదు. అక్షరం అక్షరం నిజం. అందుకే మండింది. “నాకు తెలుసులేవే ఈ భాగోతం. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మొత్తం ఇదే విన్నాను,” అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. పక్కగదిలోకి వెళ్ళి ‘భోఁ’ అని మొదలుపెట్టింది. ఈ వయసులో నా చెవులకి తలుపు కొట్టిన చప్పుడు వినబడదు, ఫోను మోగింది వినబడదు. ఇది మాత్రం శుభ్రంగా వినబడుతోంది.

మేం పుట్టినప్పుడు మా ఊరు మద్రాసు రాష్ట్రం కింద ఉండేది, తర్వాత ఒరిస్సాలో కలిసింది. బరంపురంలో పట్టుసాలెల వీధి చివర మా ఇల్లు. పొద్దున్న లేస్తే వీధి అంతా పట్టు ఉడకబెట్టిన నీళ్ళ వాసన, రంగుల బానల వాసన. మా గుమ్మం దాటి లోపలికొస్తే నువ్వుల నూనె వాసన, దాని మీద మామ్మ చుట్ట వాసన. మామ్మంటే నాన్నని కన్నతల్లి. అడ్డపొగ వేసేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని మాట్లాడగలదు, నవ్వగలదు, అవసరమైతే వీధి చివరిదాకా వినబడేలా తిట్టగలదు.

మాది సన్నాయి మేళం ఇల్లు. నాన్న సన్నాయి ఊదేవాడు, చిన్నాన్న డోలు కొట్టేవాడు. వీళ్ళ వెనకాల ఒత్తు పట్టుకుని ఒక ముసలాయన కూర్చునేవాడు. ఒత్తు అంటే సన్నాయి లాంటిదే గాని దానికి పాట ఉండదు. మేళం మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఒక్కటే స్వరం, ఆపకుండా, బుగ్గల్లో గాలి నింపుకుంటూ ముక్కుతో పీల్చుకుంటూ ఊదుతూనే ఉండాలి. ఇంకేమీ చేతగానివాడికి ఒత్తు ఇస్తారని మేళాలవాళ్ళ లెక్క. తాంబూలాలు పంచేటప్పుడు నాన్నకి మొదట ఇచ్చేవారు, ఒత్తు ముసలాయనకి అందరి తర్వాత. ఒక్కోసారి మర్చిపోయేవారు కూడా. ఆయన అలాగే కునికిపాట్లు పడుతూ ఊదేవాడు.

నాన్నది తాత ఊదిన సన్నాయి. నూనె తాగి తాగి కుంకుడుగింజలా నల్లగా ఉండేది. అది పగిలింది. ఒక పెళ్ళిలో చలికి డోలు చర్మం సాగిపోయిందని చిన్నాన్న కుంపటి తెప్పించి దాని పక్కన డోలు పెట్టాడు. సన్నాయి అక్కడే ఉంది. వేడికి రంధ్రాల వరస వెంట నిలువునా చీలింది. దారం చుట్టారు, లక్క పోశారు, మైనం పెట్టారు. ఎన్ని చేసినా పై స్వరాలు పట్టినప్పుడు ఆ చీలికలోంచి ఉస్సుమని గాలి పోయేది.

“నీ డోలుకి సలేసిందని నా సన్నాయికి నిప్పెడతావేట్రా?” అన్నాడు నాన్న.

“నాను పెట్టినానేటి అన్నయ్యా? అది అక్కడున్నాది!” అన్నాడు చిన్నాన్న.

ఆ మాటతో ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే మేళంలో కూర్చుంటారు, “మీ నాన్నకి సెప్పు”, “మీ చిన్నాన్ననడుగు” అని నా చేత మోయించేవారు. వాళ్ళ రాయబారాలు మొయ్యలేక నా ప్రాణం విసిగిపోయేది.

సరిగ్గా అప్పుడే అక్కకి పెళ్ళి కుదిరింది. పురుషోత్తంపూర్ సంబంధం. జ్యేష్ఠమాసంలో ముహూర్తం. అక్క మెతక మనిషి, ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. అలాంటిది ఆ రోజు చద్దన్నం గిన్నె ముందు పెట్టుకుని నాన్నతో అంది: “నాన్నా, ఊరందరి పెళ్ళిళ్ళకీ ఊదినావు. నా పెళ్ళికి ఇంకెవుడో ఊదితే నాను పీట మీద కూకోను.”

చిక్కు అక్కడే ఉంది. ఊళ్ళో అన్ని పెళ్ళిళ్ళకీ సన్నాయి ఊదేవాడు తన కూతురి పెళ్ళికి ఊదలేడు. మామ్మ వెంటనే అందుకుంది: “కన్యాదానం సేసీవోడు అల్లుడి కాళ్ళు కడగాల. సన్నాయెవుడు ఊదుతాడే? సచ్చిపోయిన మీ తాతొచ్చి ఊదుతాడా?”

నాన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తర్వాత, “కాళ్ళు కడుగుతాను. నీళ్ళు ఒదుల్తాను. అక్కడితో నా పనయిపోద్ది. తాళి కట్టీది నానేటి? అప్పుటికి నా సేతులు కాళీయే గదేటి? మిగతాదంతా ఎవుడు ఊదినా సరే, తాళి కాడ గట్టిమేళం మాత్రం నాను ఊదుతాను,” అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. పగిలిన సన్నాయితో గట్టిమేళం ఊదడమెలాగన్న ఆలోచన ఆ క్షణంలో ఎవరికీ రాలేదు.

కొత్త సన్నాయి దక్షిణాది నుంచి మద్రాసు మెయిల్లో వచ్చింది. పొడుగాటి చెక్కపెట్టెలో గడ్డి మధ్య పడుకుని ఉంది. కొత్త కర్ర ఎర్రగా మెరుస్తోంది. తాత సన్నాయి కంటే జానెడు పొడుగు. గొంతు నిండుగా వస్తుందని నాన్న మురిసిపోయాడు. నేను చప్పట్లు కొట్టి, “ఊదు నాన్నా, ఊదు!” అని గెంతాను. నాన్న దాన్ని నోటి దగ్గరికే తీసుకెళ్ళలేదు. వాసన చూశాడు. నూనె గిన్నె తెమ్మన్నాడు.

అక్కడ మొదలైంది నా కష్టకాలం. గోరువెచ్చని నువ్వుల నూనె లోపల పోసి, అడుగు మూసి, అటూ ఇటూ తిప్పి, వంచేసి, సన్నటి వెదురుపుల్లకి గుడ్డ చుట్టి తుడిచేవాడు. పైన కూడా నూనె రాసి ఆరబెట్టేవాడు. మర్నాడు మళ్ళీ అదే. నూనె వాసనకి ఎలకలొస్తాయని మామ్మ తన పాత నేత చీర దూలానికి కట్టి ఉయ్యాల వేసింది. పొయ్యికి దూరంగా, గోడ చెమ్మకి దూరంగా సన్నాయి దాంట్లో పడుకునేది. “పురుడెవులికో అనుకున్నాను. బాలింత మా అబ్బాయే!” అని మామ్మ వీధిలో అందరికీ చెప్పి నవ్వేది. నేను ఉయ్యాల ఊపబోతే మాత్రం, “ఏయ్ గుంటా, కదిపితే సేతులిరుగుతాయి,” అని కేకేసేది. మా ఇంట్లో నాకంటే దానికి గౌరవం ఎక్కువైపోయిందని నాకు ఉక్రోషంగా ఉండేది.

ఎప్పటికో నోట పెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. ఊదింది ఒక్కటే స్వరం. పొద్దున్నే కాసేపు, సాయంత్రం కాసేపు. అదే స్వరం, పొడుగ్గా, వంకర లేకుండా. ఆపేసి, తుడిచి, ఉయ్యాల్లో పడుకోబెట్టేవాడు. మర్నాడూ అదే.

“పాట ఊదవేటి నాన్నా?”

“ఇది ఇంకా అడివిలోనే ఉన్నాననుకుంటన్నాదమ్మా. మెల్లిగా మనింటికి తేవాల. ఒక్కసారే యేడి ఊపిరి పోసీస్తే లోపల తడిసి ఉబ్బుతాది, పైనేమో ఎండి ఉంటాది. పగుల్తాది. నీకు ఆకలేస్తాదని పుట్టిన్నాడే బువ్వెట్టినామేటి?”

ఏం చెప్పినా నాకు సమాధానం కాలేదు. అక్క పెళ్ళి దగ్గరికొస్తోంది, ఈయనేమో ‘పేఁ’ దాటి ముందుకి రావడం లేదు. వంటింట్లో అమ్మ అప్పడాలు ఒత్తుతూ, “ఆ పేఁ ఆపితే గాని నాకు ఉప్పేసానో నేదో గుర్తుండదు,” అనేది. అక్క మొదట్లో సంబరంగా విన్నా తర్వాత చెవుల్లో వేళ్ళు పెట్టుకుని చీరల పని చూసుకునేది. పక్కింటి ఒడియా పెద్దమనిషి ఒకనాడు గోడ మీంచి తల పెట్టి, “ఆఉ కిఛి ఆసేని కి?” అన్నాడు. ఇంకేమీ రాదా అని. నాన్న సన్నాయి వినడానికి అంకులి నుంచి, గోపాల్‌పూర్ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు. అలాంటి మనిషిని ఇంకేమీ రాదా అని అడిగాడు! నాకు ఆయన అరటిచెట్టు నరికెయ్యాలన్నంత కోపం వచ్చింది. నాన్న మాత్రం నవ్వి, “ఒస్తాది, ఒస్తాది,” అన్నాడు.

సన్నాయికి కింది భాగంలో వేళ్ళు అందని రంధ్రాలు కొన్ని ఉంటాయి. శ్రుతి సరిచేసుకోవడానికి వాటిలో మైనం పెడతారు. మైనం తీస్తే శ్రుతి ఎక్కుతుంది, పూడిస్తే దిగుతుంది. ఒకనాడు నా మట్టిబొమ్మకి ముక్కు ఊడిపోయింది. అందులోంచి కాస్త మైనం గిల్లి ముక్కు పెట్టాను. సాయంత్రం నాన్న ఊదగానే ఆపేసి, సన్నాయి తిరగేసి చూసి, తిన్నగా నా బొమ్మ దగ్గరికొచ్చి ముక్కు పీకి తీసుకెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది, నా బొమ్మకి ముక్కు లేకుండా పోయింది.

కర్ర దారికొస్తోంది గాని పీకలే నాన్న ప్రాణం తీశాయి. సన్నాయిలో నోట పెట్టుకునే రెల్లు ముక్కని పీక అంటారు. అది దక్షిణాదిన నది ఒడ్డున దొరికే గడ్డి. ఉడకబెట్టి, ఆరబెట్టి, నొక్కి, చెక్కి చేస్తారు. పెట్టెతోపాటు ఒక గుత్తి వచ్చింది. మా సముద్రపు గాలి దానికి సరిపడలేదు. పొద్దున్న చెక్కిన పీక సాయంత్రానికి ఉబ్బిపోయేది. ఎండలో పెడితే పెటుక్కున చీలేది. నానబెడితే బూజు పట్టేది. నాన్న అరుగు మీద కూర్చుని చిన్న కత్తితో గీకడం, నోట్లో పెట్టుకుని చూడడం, మొహం చిట్లించడం, మళ్ళీ గీకడం. ఒకటి మేకపిల్లలా అరిచేది, ఒకటి అసలు పలికేదే కాదు. ఒకనాడు చేతిలోది విసిరి కొట్టాడు. నాన్న ఏ వస్తువునైనా విసరడం నేను చూడడం అదే మొదలు. మిగతావన్నీ పోయి గుత్తిలో ఒక్క మొండి పీక మిగిలింది. అది గట్టిది. దాంట్లో ఆ ఒక్క స్వరం నిండుగా వస్తుంది, వేలు మారిస్తే గీపెడుతుంది.

పెళ్ళి ఇంక వారంలోకి వచ్చేసింది. గంజాంలో మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. ఆ ఊళ్ళోనే ఊదడం మానేసిన ముసలి సన్నాయి గురువు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర పాత పీకలు, బాగా మాగినవి, ఉన్నాయని మేళాలవాళ్ళందరికీ తెలుసు. మా వీధి మొగలో కిళ్ళీకొట్టు ఒడియా భాయి సరుకు కోసం గంజాం వెళ్తున్నాడు. నాన్న కొట్టు ముందు నిలబడి చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను. “మా బామ్మర్దికి సెప్పు భాయీ. పెళ్ళికొచ్చినప్పుడు పీకలు తెమ్మను. కట్ట తెమ్మను. పాతవి, బాగా మాగినవి. నోట పెట్టుకుంటే సుకంగా ఉండాల.”

“హఉ హఉ, కొహి దేబి,” చెప్పేస్తాలే అన్నాడు భాయి, ఆకులకి సున్నం రాస్తూ.

ముసలి గురువు దగ్గర అన్న మాట నాన్న చెప్పలేదు. సన్నాయి ఇంటివాడు పీకలంటే ఇంకెక్కడ తెస్తారు? చెప్పాలని కూడా తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

పెళ్ళిలో సన్నాయి ఊదడానికి అంకులి మావని పిలిచారు. వరసకి నాన్నకి బావ. ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. ఆయనది పొట్టి సన్నాయి, కీచుగొంతు అని నాన్న వెక్కిరించేవాడు. నీది పొడుగెక్కువ పని తక్కువ అని ఆయన అనేవాడు. పెళ్ళినాడు పొద్దున్నే వచ్చి పందిట్లో చాప వేసుక్కూర్చున్నాడు. అరిసెల పాకం వాసన, గుమ్మడికాయ దప్పళం వాసన, పెళ్ళివారికి కట్టిన మొగలిపూల వాసన. నాన్న వీధి గుమ్మానికీ పందిరికీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మావయ్య ఇంకా రాలేదు.

ఎదురుకోలు అయ్యాక వచ్చాడు మావయ్య, చెమటలు కక్కుతూ, మొహం నిండా నవ్వుతో. భుజాన గోనెసంచి. దానికి ఎండుచేపల కంపు సరే, లోపల్నించి ఇంకో వాసన. నాన్న ఆ సంచి లాక్కుని విప్పాడు. అరటినార కట్టి, ఒక్క తీరుగా చుట్టిన, గోధుమరంగు చుట్టలు. కట్టకి కట్ట.

“ఏట్రా ఇది?”

“పికాలు బావా! పాత పొగాకు. ఏరి ఏరి తెచ్చినాను. నోట పెట్టుకుంటే ఎంత సుకంగా ఉంటాదో సూడు!”

ఒడియాలో చుట్టని పికా అంటారు. కిళ్ళీకొట్టు భాయి తనకి తెలిసిన మాట చెప్పాడు. పెళ్ళివారికి మర్యాద చెయ్యడానికి మంచి చుట్టలు తెమ్మన్నాడు కాబోలనుకుని మావయ్య సరదాపడి తెచ్చాడు. ఇద్దరి తప్పూ లేదు. తప్పెవరిదీ కాకపోతే కోపం ఎవరి మీద చూపించాలి? నాకు ఇప్పటికీ తెలీదు.

“పికా కాదురా, పీక! పీక!” అని నాన్న తన గొంతు పట్టుకుని చూపిస్తూ అరిచాడు. మావయ్య బిత్తరపోయి తన పీక తడుముకున్నాడు. పెళ్ళివారి తరఫు ముసలివాళ్ళిద్దరు అప్పటికే కట్ట దగ్గరికి జరిగి వాసన చూసి తల ఊపుతున్నారు. మామ్మ ఒకటి తీసి చెవి వెనకాల పెట్టుకుంది. “ఏదైతేనేటి, పొగాకు మంచిదే తెచ్చినాడు,” అంది. నాకు ఆ నిమిషాన మామ్మని కూడా కొట్టాలనిపించింది.

అంకులి మావ అంతా చూస్తూనే ఉన్నాడు. తన సన్నాయికి వేలాడే గుత్తిలోంచి ఎవరూ నోట పెట్టని కొత్త పీక ఒకటి విప్పి నాన్నకి అందించాడు. మేళాలవాళ్ళు ఒకరి ఎంగిలి పీక ఇంకొకరు ముట్టరు. అందుకే కొత్తది ఏరి ఇచ్చాడు. నాన్న పెరట్లోకి వెళ్ళి తగిలించి చూశాడు. పొట్టి సన్నాయికి చెక్కిన పీక పొడుగు సన్నాయిలో కీచుమంది, పాకలో దూడ బెదిరి తాడు తెంపుకుంది. నాన్న ఆ పీక తీసి, తుడిచి, తిరిగి ఇచ్చేశాడు. తన మొండి పీక బిగించుకున్నాడు.

పురోహితుడు పిలిచాడు. అమ్మ పక్కన కూర్చుని నాన్న అల్లుడి కాళ్ళు కడిగాడు. నీళ్ళు వదిలాడు. అక్క తలవంచుకుని ఉంది గాని కంటి కొసలు నాన్న మీదే ఉన్నాయి. గోనెసంచి గొడవ ఆమెకి తెలీదు. నాన్న లేచి చేతులు తుడుచుకుని మేళం దగ్గరికి వచ్చాడు. అందరూ అంకులి మావని జరగమంటాడనుకున్నారు. ఆయన జరగబోయాడు కూడా.

నాన్న వెనక్కి వెళ్ళాడు. ఒత్తు ముసలాయన భుజం తట్టి లేపి, ఆయన చాప మీద కూర్చున్నాడు. సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, కింది రంధ్రాల్లోంచి మైనం కాస్త గిల్లి, మళ్ళీ కాస్త అద్ది, అంకులి మావ శ్రుతికి చెవి పెట్టి కలిపాడు.

“బావా, నువ్వు ఒత్తుకా?” అన్నాడు అంకులి మావ. ఆ గొంతులో వెక్కిరింపు లేదు.

“నువ్వు కానీ,” అన్నాడు నాన్న.

పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. పెళ్ళివారి తాలూకు ఎవడో, “పెళ్ళికూతురి తండ్రి ఒత్తు పట్టుకుంటాడటోయ్,” అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ దించేసుకుంది. ఆమె అడిగింది ఇదా? ఎండాకాలమంతా నూనె పోసింది, ఉయ్యాల కట్టింది, పీకలు గీకింది, అన్నీ దీనికా?

తాళి కట్టమన్నారు. చిన్నాన్న డోలు దడదడలాడింది, అంకులి మావ సన్నాయి పైకి లేచింది, ఆ గోల కింద నాన్న స్వరం. మేం పొద్దున్నా సాయంత్రం విని విని విసిగిపోయిన అదే స్వరం. వంకర లేకుండా, తెగకుండా, నేల మీద పరిచినట్టు వచ్చింది. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షతలు పడ్డాయి. డోలు ఆగింది, అంకులి మావ ఆపి పీక తుడుచుకుంటున్నాడు. నాన్న ఆపలేదు. బుగ్గలు నిండుతూనే ఉన్నాయి, ముక్కుతో పీల్చుకుంటూనే ఉన్నాడు, కళ్ళ నీళ్ళు కారుతూ ఉన్నాయి, ఊదుతూనే ఉన్నాడు. పురోహితుడు మంత్రం మొదలుపెట్టబోయి ఆగాడు.

చిన్నాన్న డోలు పక్కన పెట్టి వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. కుంపటి గొడవ తర్వాత నాన్నతో అతను నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి. “అన్నయ్యా, సాలు. కట్టీసినాడు,” అన్నాడు. అప్పుడు ఆపాడు.

ఆ సాయంత్రం నాన్న పెరటి గట్టు మీద మావయ్య పక్కన కూర్చుని, ఊపిరి పాడవుతుందని ఎన్నడూ ముట్టనివాడు, ఒక చుట్ట వెలిగించి రెండు పీల్పులకే ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. “ఇదేనేట్రా సుకం?” అని అడిగాడు. మావయ్య నవ్వాలో ఏడవాలో తెలీక నాన్న వీపు రాశాడు.

వానలు పడ్డాక గంజాం గురువు దగ్గర నుంచి పీకలు వచ్చాయి. చలికాలానికి కర్ర నలుపెక్కింది, గొంతు విచ్చుకుంది. అబ్బ, ఏం పలికిందనుకున్నారు! ఎవరెవరి పెళ్ళిళ్ళకో పలికింది, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పలికింది, కొన్నేళ్ళకి నా పెళ్ళికీ పలికింది. నన్ను కన్యాదానం చేసి, లేచి వెళ్ళి, గట్టిమేళం తనే ఊదాడు. అక్కకి మాట ఇచ్చినట్టు నాకు ఊదాడు. అడిగిన మనిషికి లేదు, అడగనిదానికి అంతా దక్కింది. ఇందుకే నాకు ఆ కర్ర మీద ఈనాటికీ కోపం తగ్గలేదు. ఒక్క ఏడాది ముందు రావడానికి దానికేం రోగం?

ఒకసారి పురుషోత్తంపూర్ వెళ్ళినప్పుడు ఈ మాటే అక్కతో అన్నాను. చకులి పిఠా, అదే ఒడియావాళ్ళ అట్టు, పెనం మీద తిరగేస్తూ అక్క నవ్వింది. “ఆరోజు నాకు డోలూ ఇనబడనేదు, అంకులి మావా ఇనబడనేదు. నాన్న ఊపిరొక్కటే ఇనబడింది. మరి నీ పెళ్ళికి నాన్న ఏటి ఊదినాడే?” అంది.

చెబుదామని నోరు తెరిచాను. గుర్తు రాలేదు. ఏ రాగమో, ఎంతసేపో, ఏమీ గుర్తు రాలేదు. పెనం మీద పిఠా మాడిపోతోందని మాట మార్చాను. అక్క ఇప్పుడు లేదు, నాకు ఆ రాగం ఇప్పటికీ గుర్తు రాలేదు.

పక్కగదిలో ఆ పిల్ల ఇంకా ఆ ఒక్క స్వరం పడుతూనే ఉంది. భోఁ. విసుగెత్తి, ఇంక చాలు ఆపవే అని చెబుదామని చేతికర్ర ఊతంతో లేచి గుమ్మం దాకా వెళ్ళాను. నన్ను చూసి బెదిరి నోట్లోంచి తీసేసింది.

“ఆపేశావేం?” అన్నాను.